"పళ్ళ కోసమే" అన్న మాటకు ఒక చరిత్ర

పసిబిడ్డ ఎదుగుదలను నెలలతో కాక పనులతో లెక్కించడం తెలుగువారి పాత అలవాటు. బిడ్డ బోర్లాపడితే బొబ్బట్లు, అడుగులు వేస్తే అరిసెలు పంచిపెట్టడం ఆంధ్రదేశంలో నేటికీ ఉన్న ఆచారం. ఆరవ నెలలో అన్నప్రాశన చేస్తారు. సముద్రాలు దాటి వచ్చిన మనమూ ఆ వేడుకను విడిచిపెట్టలేదు. ఈ వరుసలో పాలపళ్ళు రావడం మాత్రం సంతోషంతో పాటు భయాన్ని కూడా వెంటబెట్టుకొని వచ్చే ఘట్టం. పైపళ్ళు ముందుగా వస్తే మేనమామకు కీడు అని పెద్దలు అనేవారు. బిడ్డకు ఒళ్ళు కాలినా, విరేచనాలైనా, రాత్రంతా నిద్రపోక ఏడ్చినా "పళ్ళ కోసమేలే" అని సరిపెట్టుకొనేవారు. ఆ చిన్న మాట వెనుక వెయ్యేండ్లకు పైబడిన చరిత్ర ఉన్నది. అది ఎందరో తల్లులకు ఊరటనిచ్చింది, కొందరు బిడ్డల ప్రాణం మీదికీ తెచ్చింది. అందుకే దానిని గురించి కొంత తెలుసుకోవడం మంచిది.

ముందుగా ఒక పదం. లేత ఆకు తొడిగే మొలకను మనం చిగురు అంటాము. పంటిని పట్టి ఉండే మెత్తని కండకూ అదే పేరు. బహువచనంలో రెండూ చిగుళ్ళే. సాయంకాలపు తెలుగు తరగతిలో ఈ మాట నేర్చుకున్నప్పుడు మా అందరికీ ముచ్చట వేసింది. మొక్కకైనా బిడ్డకైనా లేతదనం ఒక్కటే అన్న చూపు ఆ పదంలోనే ఉన్నది.

మన ప్రాచీన వైద్యులు ఈ విషయాన్ని చిన్నదిగా చూడలేదు. శిశువైద్యానికి ఆధారగ్రంథమైన కాశ్యపసంహితలో దంతజన్మకు ప్రత్యేకంగా ఒక అధ్యాయమే ఉన్నది. పళ్ళు ఏ నెలలో వస్తే ఏ గుణమో అందులో వివరించి, ఎనిమిదవ నెలలో వచ్చిన పళ్ళు శ్రేష్ఠమని చెప్పారు. అష్టాంగహృదయం రచించిన వాగ్భటుడు, పళ్ళు రావడం బిడ్డకు కలిగే సర్వరోగాలకూ కారణమని వ్రాశాడు. అయితే అదే అధ్యాయంలో మరొక మాట కూడా చెప్పాడు. పళ్ళ వలన కలిగే బాధలు పళ్ళు వచ్చిన పిమ్మట వాటంతట అవే శమిస్తాయి కనుక, ఆ పేరుతో బిడ్డను కఠినమైన పథ్యాలతో, కట్టుబాట్లతో పీడించరాదని ఆయన అభిప్రాయం. మొదటి మాట జనం నోట నిలిచింది. రెండవదానిని మరచిపోయారు.

ఐరోపాలోనూ ఇదే భయం ఉండేది, కాని అక్కడి చికిత్స కఠినమైనది. 16వ శతాబ్దంలో ఫ్రెంచి శస్త్రవైద్యుడు అంబ్రోయిజ్ పారే పన్ను బయటికి రావడానికి చిగురును కోయమని చెప్పాడు. ఆ పద్ధతి సుమారు మూడు వందల ఏండ్లు సాగింది. 1839లో ఇంగ్లండు, వేల్సు దేశాల మరణాల లెక్కలలో 5,016 మంది పసివారు పళ్ళు రావడం వలన చనిపోయినట్లు నమోదైనది. పన్ను రావడం వలన ఏ బిడ్డా చనిపోదు. తల్లిపాలు మాని, శుభ్రంలేని ఆవుపాలు పట్టే వయస్సూ, పళ్ళు వచ్చే వయస్సూ ఒక్కటే కావడం వలన అసలు రోగానికి పంటి పేరు పడింది.

భయం ఉన్నచోట వ్యాపారం కూడా పుడుతుంది. అమెరికాలో 1849 నుండి అమ్మిన మిసెస్ విన్స్‌లోస్ సూతింగ్ సిరప్ అనే మందులో మార్ఫిన్ ఉండేది. అది బిడ్డను నిద్రపుచ్చేది, కొందరిని శాశ్వతంగా నిద్రపుచ్చింది. ఇంగ్లండులో పళ్ళ కోసం అమ్మిన పొడులలో కాలొమెల్, అనగా పాదరసపు లవణం, ఉండేది. అది తిన్న బిడ్డలలో కొందరికి చేతులు, పాదాలు ఎర్రబడి, చర్మం ఊడి, ఎడతెగని బాధ కలిగేది. ఆ జబ్బుకు పింక్ డిసీజ్ అని పేరుపెట్టారు గాని, కారణం చాలాకాలం ఎవరికీ అంతుపట్టలేదు. దానికి మూలం పాదరసమేనని 1948లో అమెరికా వైద్యులు చూపించారు. 1954లో బ్రిటిష్ తయారీదారులు ఆ పొడుల నుండి కాలొమెల్‌ను తొలగించిన తరువాత ఆ జబ్బు దాదాపుగా కనబడకుండా పోయింది.

ఇక మన కథ. 1860 నవంబరు 16న మద్రాసు నుండి ట్రూరో ఓడ నేటాలు రేవుకు చేరింది. 1911 వరకు సాగిన ఆ రాకలో 1,52,184 మంది ఒప్పందపు కూలీలుగా ఈ దేశానికి వచ్చారు. విశాఖపట్టణం, గంజాం, గోదావరి, ఉత్తర ఆర్కాటు మొదలైన జిల్లాల తెలుగువారు వారిలో ఉన్నారు. ఒప్పందం ఐదేండ్లు. మొదటి ఏడు మగవారికి నెలకు పది షిల్లింగులు, ఆడవారికి అందులో సగం. పనికి రాని రోజుకు కూలి కోత. పాలుతాగే బిడ్డలను వీపున కట్టుకొని తల్లులు చెరకు తోటలలో పనిచేశారు.

ఆ తల్లి స్థానంలో నిలిచి ఆలోచిస్తే "పళ్ళ కోసమే" అన్న మాటకు మరొక అర్థం తోస్తుంది. బిడ్డకు జబ్బు అని ఒప్పుకుంటే ఇంట ఉండవలెను. ఇంట ఉంటే కూలి పోతుంది. "పళ్ళ కోసమే" అనుకుంటే పనికి వెళ్ళవచ్చును. అది అజ్ఞానమని తేలికగా అనడం న్యాయం కాదు. వేరే దారి లేనివారు మనస్సుకు చెప్పుకున్న సమాధానం అది. మనకు ఆ ఇబ్బంది లేదు. కావున ఆ సమాధానం కూడా మనకు అవసరం లేదు.

పెద్దల పద్ధతులన్నీ విడువవలసినవి కావు. మా చిన్నతనంలో ఇండ్లలో అవ్వలు చేతులు కడుక్కొని, వేలితో బిడ్డ చిగుళ్ళను మెల్లగా రాచేవారు. శుభ్రమైన గుడ్డను చన్నీళ్ళలో తడిపి నమలడానికి ఇచ్చేవారు. చొంగను ఎప్పటికప్పుడు తుడిచి, గడ్డం కింద పొక్కకుండా చూచేవారు. అన్నిటికీ మించి ఒడిలో వేసుకొని జోకొట్టేవారు. నేటి వైద్యులు చెప్పేది కూడా సరిగా ఇదే. నమలడానికి ఇచ్చే రబ్బరు వలయాన్ని చల్లబరచవచ్చును గాని, గడ్డకట్టించరాదు.

విడువవలసినవీ ఉన్నవి. ఆంధ్రదేశపు ఇళ్ళలో వసకొమ్మును అరగదీసి బిడ్డ నాలుకకు రాయడం పాత ఆచారం. ఎక్కువ మాట్లాడేవారిని "వస పోశారా" అని హాస్యమాడడం దానినుండే వచ్చింది. ఆ హాస్యాన్ని ఉంచుకుందాము, వసను మాత్రం బిడ్డ నోటికి దూరంగా ఉంచుదాము. అందులో హాని చేసే పదార్థం ఉన్నదని తేలి, అమెరికా ప్రభుత్వం 1968లోనే ఆహారంలో దానిని నిషేధించింది. బెంజోకైన్ కలిసిన చిగుళ్ళ మందులను రెండేండ్లలోపు బిడ్డలకు వాడవద్దని 2018లో అదే దేశపు ఔషధ శాఖ హెచ్చరించింది. పళ్ళ కోసమని మెడలో వేసే ఆంబర్ పూసల దండలు గొంతుకు బిగుసుకొనే ప్రమాదం ఉన్నదని కూడా ఆ ఏడే చెప్పింది. మెడలో కట్టే ఏ దారానికైనా ఆ మాట వర్తిస్తుంది.

ఇప్పుడు తెలిసిన లెక్క ఇది. చాలామంది బిడ్డలకు సుమారు ఆరవ నెలలో కింది ముందుపళ్ళు రెండు వస్తాయి. కొందరికి ఏడాది దగ్గరపడే దాకా రావు. కొందరికి పైవే ముందు వస్తాయి. మేనమామలు నిశ్చింతగా ఉండవచ్చును. మూడేండ్లు నిండేలోగా ఇరవై పాలపళ్ళూ పూర్తవుతాయి. చొంగ కారడం, చిరాకు, దొరికినదంతా కొరకడం, ఒళ్ళు కొద్దిగా వెచ్చబడడం పళ్ళ వలన కలగవచ్చును. 38 డిగ్రీల సెల్సియస్ దాటిన జ్వరం, నీళ్ళ విరేచనాలు, వాంతులు, పాలు తాగకపోవడం, మగతగా పడి ఉండడం పళ్ళ వలన కలగవు. తల్లి గర్భంలో ఉన్నప్పుడు బిడ్డకు అందిన రక్షణశక్తి ఆరవ నెల నాటికి తగ్గుతుంది. ఆ సమయంలోనే బిడ్డ ప్రతి వస్తువునూ నోట పెట్టుకుంటుంది. రోగమూ పన్నూ ఒకేసారి కనబడడానికి కారణం ఇదే.

మన ఇండ్లలో ఈనాటికీ పసివారిని పగలంతా చూచుకొనేది చాలావరకు అవ్వలూ తాతలే. ఉద్యోగం నుండి ఫోను చేసి బిడ్డ ఎట్లా ఉన్నదని కూతురో కోడలో అడిగితే, "పళ్ళ కోసమేలే అమ్మా" అని చెప్పే ముందు థర్మామీటరు పెట్టి చూడవలెను. తడిసిన లంగోటీలు ఎన్ని మార్చామో లెక్క చూడవలెను. లెక్క తగ్గితే ఒంట్లో నీరు తగ్గుతున్నదని అర్థం. అటువంటప్పుడు ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకొనిపోవలెను. చూచిన తరువాత అది నిజంగా పళ్ళ కోసమే అయితే, ఆ మాట ధైర్యంగా చెప్పి బిడ్డను ఒడిలోకి తీసుకోవచ్చును.