స్మార్ట్ కాంట్రాక్టులలో స్థిరబిందు, చరబిందు సంఖ్యలు

స్మార్ట్ కాంట్రాక్టు అనగా బ్లాక్‌చెయిన్‌పై నడుస్తూ, ముందుగా వ్రాసిన నిబంధనల ప్రకారం సొమ్మును తనంతట తానే బదిలీ చేసే ప్రోగ్రాము. 2015లో ప్రారంభమైన ఇథీరియంలో ఇటువంటి ప్రోగ్రాములు చరబిందు సంఖ్యలను వాడవు. భిన్నాలను స్థిరబిందు పద్ధతిలో, అనగా పూర్ణాంకాలుగా మార్చి లెక్కిస్తారు.

చరబిందు సంఖ్యలు

వీటిని ఆంగ్లంలో ఫ్లోటింగ్ పాయింట్ సంఖ్యలంటారు. సంఖ్య పరిమాణాన్ని బట్టి బిందువు స్థానం మారుతుంది. వీటికి 1985లో ఐ.ఇ.ఇ.ఇ. 754 ప్రమాణం ఏర్పడింది. 0.1 వంటి భిన్నాలను ద్విసంఖ్యామానంలో కచ్చితంగా వ్రాయలేము. కనుక చాలా కంప్యూటరు భాషలలో 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 వస్తుంది. శాస్త్ర గణనలలో ఈ స్వల్ప భేదం సాధారణంగా బాధించదు. బ్లాక్‌చెయిన్‌లో మాత్రం వేలాది కంప్యూటర్లు ఒకే లెక్కను విడివిడిగా చేసి ఒకే జవాబుకు రావాలి. ప్రాసెసరును, కంపైలరును బట్టి చివరి అంకె మారినా ఏకాభిప్రాయం కుదరదు.

స్థిరబిందు సంఖ్యలు

ఇందులో బిందువు తరువాత ఎన్ని అంకెలుండాలో ముందే నిర్ణయిస్తారు. రూపాయలను పైసలలో లెక్కించడం ఇటువంటిదే. 1957 ఏప్రిల్ 1న భారతదేశంలో రూపాయికి 100 నయాపైసల పద్ధతి వచ్చింది. 12 రూపాయల 35 పైసలను 1235 పైసలుగా వ్రాస్తే భిన్నంతో పని ఉండదు. ఇథీరియంలో ఒక ఈథరును 10^18 వెయ్‌లుగా విభజించారు. నిల్వలన్నీ వెయ్‌లలోనే, 256 బిట్ల పూర్ణాంకాలుగా ఉంటాయి. సాలిడిటీ భాషలో స్థిరబిందు రకాలను ప్రకటించవచ్చును గాని, వాటికి విలువలు ఇవ్వడానికి వీలు లేదు. అందుచేత ప్రోగ్రామర్లు పూర్ణాంకాలతోనో, ప్రత్యేక లైబ్రరీలతోనో ఈ పని చేస్తారు.

ఉదాహరణ

గుంటూరు జిల్లా వడ్లమూడిలోని సంగం డెయిరీ వంటి పాల సంస్థలకు పాలలోని వెన్న శాతం ముఖ్యమైన కొలత. 7 కిలోల పాలలో వెన్న 6.5 శాతం అనుకుందాం. వెయ్యికి 65 పాళ్లు కనుక, 7000 గ్రాములను 65తో గుణించి 1000తో భాగిస్తే 455 గ్రాముల వెన్న వస్తుంది. ముందే 65ను 1000తో భాగిస్తే పూర్ణాంక భాగహారంలో సున్న వస్తుంది. దానిని ఎంతతో గుణించినా సున్నయే. లెక్క రాసినవారికి దోషం కనబడదు, రైతుకు మాత్రం వెన్న లేనట్లే.

జాగ్రత్తలు

* ముందు గుణకారం, తరువాత భాగహారం చేయాలి.
* గుణకార ఫలం 256 బిట్లు దాటకుండా చూడాలి. సాలిడిటీ 0.8 నుండి సాధారణ లెక్కలలో హద్దు దాటితే లావాదేవీ రద్దవుతుంది.
* శేషాన్ని ఎవరి పక్షాన వదలాలో ముందే నిర్ణయించాలి. సాధారణంగా చెల్లింపులను కిందికి, వసూళ్లను పైకి సవరిస్తారు.

2025 నవంబరులో బ్యాలన్సర్ అనే మారక వేదికలో ఇటువంటి సవరింపు దోషాన్ని పదేపదే వాడుకొని కోట్లాది డాలర్లను అపహరించారు. స్థిరబిందు పద్ధతి అన్ని కంప్యూటర్లకూ ఒకే జవాబునిస్తుంది. ఆ జవాబు న్యాయమైనదిగా ఉండేలా చూడవలసినది ప్రోగ్రామరే.