కృష్ణా దిగువ డెల్టా: చిన్నపిల్లల ఉపాధ్యాయులకు సంగీత శిక్షణ – చరిత్ర

మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ ప్రాంతాల్లో ప్రాథమిక పాఠశాలల ఉపాధ్యాయులు, అంగన్‌వాడీ కార్యకర్తలు పిల్లల చేత పాట పాడించడం ఎక్కడ నేర్చుకున్నారు, వారికి ఎవరు నేర్పారు అన్నది ఈ వ్యాస విషయం. 2022 ఏప్రిల్ 4న జరిగిన పునర్విభజన తర్వాత ఈ మూడు ప్రాంతాలూ మచిలీపట్నం కేంద్రంగా ఉన్న కృష్ణా జిల్లాలోకే వస్తాయి. క్షేత్రయ్య పుట్టిన మువ్వ, సిద్ధేంద్రయోగి పేరుతో ముడిపడిన కూచిపూడి, త్యాగరాజ శిష్యపరంపరకు ఆంధ్రదేశంలో నిలయమైన పెదకళ్లేపల్లి ఇక్కడివే. అంత సంగీతం పండిన నేలలో ఒకటో తరగతి పంతులుకు మాత్రం పాట నేర్పే ఏర్పాటు ఏ కాలంలోనూ సొంతంగా నిలబడలేదు. ప్రతిసారీ అది మరో ఉద్యమానికో, మరో పథకానికో తోకలా వచ్చింది, ఆ పథకంతోనే పోయింది.

వీధిబడి కాలం

ఇంగ్లీషు చదువులు రాకముందు ఊరి అరుగుల మీద నడిచిన వీధిబడిలో చదువుకూ పాటకూ తేడా ఉండేది కాదు. ఎక్కాలు రాగంతో వల్లించేవారు. శతక పద్యాలు పంతులు ఒకసారి చదివితే పిల్లలు అదే వరసలో అందుకునేవారు. పంతులుకు సంగీతం వచ్చా రాదా అని ఎవరూ అడిగేవారు కాదు గానీ, గొంతెత్తి పద్యం చదవలేని పంతులు దగ్గరికి పిల్లల్ని పంపడానికి తల్లిదండ్రులు వెనకాడేవారు.

ఈ బడుల్లో ఏటేటా సంగీత పరీక్ష లాంటిది ఒకటి దసరాకు జరిగేది. నవరాత్రులకు ముందే పంతులు పిల్లలకు దసరా పద్యాలు వరస తప్పకుండా నేర్పేవాడు. పండగ రోజుల్లో పిల్లలు రంగు కాగితాలు చుట్టిన విల్లంబులు, పూల బాణాలు పట్టుకుని పంతులు వెంట ఇంటింటికీ తిరిగేవారు. గుమ్మం ముందు బారులు తీరి నిలబడి అందరూ ఒకే గొంతుగా పాడితే ఇంటివారు పిల్లలకు పప్పుబెల్లాలు, పంతులుకు దక్షిణో కొత్త పంచో ఇచ్చేవారు. పంతులు ఏడాది సంపాదనలో ఈ మామూలుకు పెద్ద చోటే ఉండేది. పదిమంది పిల్లల్ని ఒక శ్రుతిలో, ఒక నడకలో పాడించడం ఎంత కష్టమో తరగతి గదిలో నిలబడినవారికి తెలుసు. బడిలో సామూహిక గానానికి మనకున్న తొలి నమూనా ఈ దసరా బృందమే అనడం అతిశయోక్తి కాదు. ఆ నేర్పు తండ్రి నుంచి కొడుక్కి, పెద్ద పంతులు నుంచి చిన్న పంతులుకు చూసి నేర్చుకున్నదిగా వచ్చేది.

మచిలీపట్నంలో 1843లో రాబర్ట్ నోబుల్ పాఠశాల పెట్టాక బడి రూపం మారింది. గంటలు, తరగతులు, పరీక్షలు వచ్చాయి. క్రైస్తవ పాఠశాలల్లో కీర్తనలు పాడించడం దినచర్యలో భాగమైంది. పురుషోత్తమ చౌదరి వంటివారు కర్ణాటక రాగాల్లోనే తెలుగు క్రైస్తవ కీర్తనలు కట్టడంతో ఆ పాట పరాయి వరసగా మిగిలిపోలేదు. సర్కారు బడుల్లో మాత్రం పాట మెల్లగా ప్రార్థనకు, సెలవు రోజు సభకు పరిమితమైంది.

గురుకులం ఒక దారి, బడి ఒక దారి

ఇదే కాలంలో దివిసీమలో సంగీత విద్య ఉన్నత స్థాయికి చేరింది. త్యాగరాజస్వామి ప్రత్యక్ష శిష్యుడు మానాంబుచావడి వెంకటసుబ్బయ్య. ఆయన దగ్గర నేర్చుకున్న సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి పెదకళ్లేపల్లిలో గురుకులం నడిపారు. దివిసీమకే చెందిన శ్రీకాకుళంలో 1883లో పుట్టిన పారుపల్లి రామకృష్ణయ్య పంతులు ఆయన శిష్యులు. పంతులుగారు తర్వాత బెజవాడ చేరి పెద్ద శిష్యబృందాన్ని తయారు చేశారు. మంగళంపల్లి బాలమురళీకృష్ణ వారిలో ఒకరు. అంటే తిరువైయారు నుంచి బాలమురళి దాకా వచ్చిన పరంపర పెదకళ్లేపల్లి అనే ఈ పల్లెటూరి మీదుగానే నడిచింది.

గురుకులం తయారు చేసేది విద్వాంసుణ్ని. శిష్యుడు ఏళ్ల తరబడి గురువు ఇంట ఉండి, తెల్లవారుజామున లేచి సాధన చేసి, కచేరీకి పక్కన కూర్చుని నేర్చుకోవాలి. ముప్పయిమంది పిల్లల్ని ఎదురుగా పెట్టుకుని, రోజుకు పావుగంట మాత్రమే పాటకు ఇవ్వగల పంతులు అవసరం వేరు. ఆ అవసరాన్ని పట్టించుకునే పని గురుకులానిది కాదు. తప్పు పట్టవలసింది దాన్ని కాదు, ఆ గురుకులం పక్కనే ఉపాధ్యాయులకు ఒక చిన్న పాఠక్రమం పెట్టాలని ఆలోచించని విద్యాశాఖను.

పుస్తకాల వైపు నుంచి కొంత సాయం వచ్చింది. సుబ్బరామ దీక్షితులు ఎట్టయపురంలో తెలుగులో ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ని 1904లో వెలువరించి, ఆ మరుసటి ఏడాదే కొత్తగా నేర్చుకునేవారి కోసం ‘ప్రథమాభ్యాస పుస్తకము’ ఇచ్చారు. అక్షరం చూసి స్వరం పాడుకునే వీలు తెలుగు చదివేవారికి కలిగింది.

1910లో మచిలీపట్నంలో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభి సీతారామయ్య స్థాపించిన ఆంధ్ర జాతీయ కళాశాల, కళను చదువులో భాగం చేయాలన్న ఆలోచనను ఈ ప్రాంతంలో గట్టిగా నాటింది. ప్రమోద కుమార్ ఛటర్జీ అక్కడ చిత్రలేఖనం నేర్పారు. అడివి బాపిరాజు ఆయన శిష్యులు. సంగీతంలో నిలదొక్కుకోవాలంటే మాత్రం ఊరు విడవక తప్పేది కాదు. గుడివాడ పక్కన చౌటపల్లిలో 1922లో పుట్టిన ఘంటసాల వెంకటేశ్వరరావు, పాట నేర్చుకోవడానికి విజయనగరం దాకా వెళ్లారు. 1919లో మొదలైన అక్కడి మహారాజా సంగీత కళాశాలలో, మధుకరం ఎత్తుకుని కడుపు నింపుకుంటూ చదివారు. పట్టుదల ఉన్న కళాకారుడు అలా వెళ్లగలడు. పెళ్లాంబిడ్డలున్న బడిపంతులు వెళ్లలేడు.

మద్రాసు పరీక్షలు, వార్ధా పాఠ్యక్రమం

1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడేదాకా ఈ ప్రాంతం మద్రాసు ఏలుబడిలోనే ఉంది. సంగీత ఉపాధ్యాయుడికి ప్రత్యేక శిక్షణ కావాలన్న మాట అక్కడే మొదట గట్టిగా వినబడింది. మద్రాసు మ్యూజిక్ అకాడమీ 1931లో సంగీతోపాధ్యాయుల కళాశాల తెరిచింది. టైగర్ వరదాచారి దానికి ప్రిన్సిపాల్‌గా ఉన్నారు. పాడడం వేరు, పాడించడం వేరు, రెండోదానికీ శిక్షణ ఉండాలి అని ఒక సంస్థ ఒప్పుకోవడం చిన్న విషయం కాదు. అయితే అక్కడ తయారైనవారు ఉన్నత పాఠశాలల్లో సంగీతం ఒక్కటే చెప్పేవారు. అన్ని పాఠాలూ ఒక్కరే చెప్పే ప్రాథమిక ఉపాధ్యాయుడి సంగతి అలాగే ఉండిపోయింది.

ఆ సంగతిని మొదట అందుకున్నది గాంధీజీ బేసిక్ విద్య. 1937 వార్ధా సమావేశం తర్వాత జాకీర్ హుస్సేన్ సంఘం తయారు చేసిన పాఠ్యక్రమంలో చేతిపని, మాతృభాష, లెక్కలతో పాటు చిత్రలేఖనం, సంగీతం ఉన్నాయి. పాట పిల్లలందరికీ, పాడించే బాధ్యత తరగతి ఉపాధ్యాయుడిది అన్నది ఇందులోని కొత్తదనం. బేసిక్ ట్రైనింగ్ పాఠశాలల్లో సామూహిక ప్రార్థన, రాట్నం ముందు పాట దినచర్య అయ్యాయి. స్వరజ్ఞానం దాకా వెళ్లకపోయినా, పదిమందిలో నోరు విప్పి పాడే బెరుకు పంతులుకు అక్కడ పోయేది. ఆ బెరుకు పోవడమే సగం శిక్షణ.

1939లో మరియా మాంటిస్సోరి అడయారు వచ్చి ఉపాధ్యాయ శిక్షణ తరగతులు మొదలుపెట్టారు. శ్రుతి చేసిన గంటలను చెవితో పోల్చి జతపరచడం, కాసేపు పూర్తిగా మౌనంగా కూర్చుని చుట్టూ వినబడే శబ్దాలను గుర్తించడం ఆ పద్ధతిలో ఉన్నాయి. 1955లో వేగే కోటేశ్వరమ్మ విజయవాడలో మాంటిస్సోరి పాఠశాల పెట్టడంతో ఆ పేరు కృష్ణా జిల్లాలో ఇంటింటి మాట అయింది.

రేడియో పంతులు

ఈ ప్రాంతపు ఉపాధ్యాయులకు సంగీతం చెప్పిన అతిపెద్ద బడి ఏదంటే రేడియో అనే చెప్పాలి. 1948 డిసెంబరు 1న ఆకాశవాణి విజయవాడ కేంద్రం మొదలైంది. బందరు, గుడివాడ, అవనిగడ్డలకు అది స్పష్టంగా వినబడేది. ‘సంగీత శిక్షణ’ కార్యక్రమంలో ఓలేటి వెంకటేశ్వర్లు వంటి విద్వాంసులు స్టూడియోలో శిష్యుల్ని కూర్చోబెట్టి కృతిని ముక్క ముక్కగా నేర్పేవారు. శిష్యులు తప్పు పాడితే గురువు ఆపి సరిదిద్దేవాడు, ఆ దిద్దుబాటు కూడా గాలిలో వినబడేది. ఇంట్లో విన్నవారికి సంగీతంతో పాటు సంగీతం చెప్పే తీరు కూడా తెలిసింది. తప్పును ఎక్కడ పట్టుకోవాలి, ఎన్నిసార్లు పాడించాలి, ఎప్పుడు వదిలేయాలి అన్నది ఏ శిక్షణ పుస్తకమూ ఇంత చక్కగా చూపలేదు.

బాలాంత్రపు రజనీకాంతరావు పేరుతో గుర్తుండిపోయిన ‘ఈ మాసపు పాట’ మరో మేలు చేసింది. ఒకే లలిత గీతాన్ని నెలంతా ప్రసారం చేయడం వల్ల స్వరలిపి తెలియని ఉపాధ్యాయురాలు కూడా విని విని పాట పట్టుకుని బడిలో నేర్పగలిగేది. పిల్లల కార్యక్రమాల్లో ‘రేడియో అన్నయ్య’ న్యాయపతి రాఘవరావు, ‘అక్కయ్య’ కామేశ్వరి తెలుగునాట ఒక తరానికి గురువులు. 1940లో వారు మద్రాసులో మొదలుపెట్టిన ఆంధ్ర బాలానంద సంఘం స్ఫూర్తితో ఊళ్లలో బాలానంద సంఘాలు వెలిశాయి. పిల్లల చేత ఆటలు, పాటలు, నాటికలు వేయించాలంటే పెద్దలు ముందు ఏం నేర్చుకోవాలో ఆ సంఘాలు ఆచరణలో చూపాయి.

అంగన్‌వాడీ, డైట్, ఉపాధ్యాయ కేంద్రం

1975 అక్టోబరు 2న దేశంలో 33 ప్రాజెక్టులతో మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం, బడికి రాని వయసు పిల్లల చదువును మొదటిసారి ప్రభుత్వ బాధ్యత చేసింది. అంగన్‌వాడీ కార్యకర్త శిక్షణలో ‘ఆటపాటలు’ అన్న మాట మొదటినుంచీ ఉంది. శిక్షణలో నేర్చుకున్న పాట నోటుపుస్తకంలో సాహిత్యంగా మాత్రమే మిగిలేది. వరస మర్చిపోతే కార్యకర్త తనకు తెలిసిన సినిమా బాణీలోనో, భజన బాణీలోనో దాన్ని పాడేది. దాన్ని లోపం అనకూడదు. చిలకలపూడి పాండురంగస్వామి గుడి భజన, సంక్రాంతి నెల గొబ్బిపాట, నాట్ల పాట ఆమెకు పుట్టుకతో వచ్చిన సంగీతం. శిక్షణ ఇచ్చేవారు దాన్ని చూసి గౌరవించి, పిల్లలకు తగినట్టు మలచడం నేర్పి ఉండవలసింది.

1986 జాతీయ విద్యావిధానం తర్వాత జిల్లాకొక విద్యా శిక్షణ సంస్థ, అంటే డైట్, ఏర్పడింది. కృష్ణా జిల్లా డైట్ గుడ్లవల్లేరు మండలం అంగలూరులో ఉంది. త్రిపురనేని రామస్వామి చౌదరి పుట్టిన ఊరది. ఘంటసాల పుట్టిన చౌటపల్లి పక్కనున్న గుడివాడ మండలంలోది. జిల్లా ప్రాథమిక ఉపాధ్యాయులు ఎందరో అక్కడే తయారయ్యారు.

బ్రిటన్ ఆర్థిక సాయంతో 1980లలో ప్రయోగంగా మొదలై 1989 నుంచి రాష్ట్రమంతా విస్తరించిన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం (ఏపెప్) శిక్షణ స్వరూపాన్నే మార్చింది. చేసి నేర్చుకోవడం, స్థానిక పరిసరాలను వాడుకోవడం దాని సూత్రాల్లో ఉన్నాయి. చుట్టుపక్కల బడుల ఉపాధ్యాయులు ఒక కేంద్రంలో కలిసి తమ పాఠాలు ఒకరికొకరు చూపుకునే ఉపాధ్యాయ కేంద్రాలు వచ్చాయి. ఒకరి పాట ఇంకొకరికి అందే చోటు అది. ఇంచుమించు అదే కాలంలో అక్షరాస్యత ఉద్యమపు కళాజాతాలు డప్పు, బుర్రకథ, గేయాలతో ఊరూరా తిరిగాయి. వాటిలో పాడినవారిలో ఉపాధ్యాయులున్నారు. కాలికి గజ్జె కట్టి జనం ముందు పాడిన పంతులు మర్నాడు తరగతిలో పాడడానికి సిగ్గుపడడు.

1979లో ఢిల్లీలో ఏర్పడి హైదరాబాదులో ప్రాంతీయ కేంద్రం నడుపుతున్న సాంస్కృతిక వనరుల, శిక్షణ కేంద్రం (సీసీఆర్‌టీ) కోర్సుల్లో ఉపాధ్యాయులు ఇతర భారతీయ భాషల పాటలు కూడా నేర్చుకుంటారు. జిల్లా నుంచి ఏ కొద్దిమందికో ఆ అవకాశం దక్కుతుంది.

చిన్నపిల్లలకు పాట: ఉపాధ్యాయుడు ఏం నేర్వాలి

సరళీ వరసలు, జంట వరసలు, అలంకారాలు, గీతాలు అన్న క్రమం సంగీతం నేర్వాలని వచ్చినవారికి. నాలుగేళ్ల పిల్లలకు ముందు రావలసింది లయ. ఆది తాళాన్నే తీసుకుందాం. దానికి ఎనిమిది అక్షరాలు. అరచేత్తో తొడమీద ఒక దెబ్బ, తర్వాత చిటికెన వేలు, ఉంగరపు వేలు, మధ్య వేలు: ఇది లఘువు. ఆపైన దెబ్బ, విసురు, మళ్లీ దెబ్బ, విసురు: ఇవి రెండు ద్రుతాలు. చిన్నపిల్లలకు వేళ్లు విడివిడిగా మడవడం రాదు. అందుకని చెమ్మచెక్క ఆటలో లాగా ఎదురెదురుగా కూర్చోబెట్టి ఎనిమిదికీ చప్పట్లే కొట్టించి, మొదటి అక్షరం దగ్గర మాత్రం నేలమీద గట్టిగా కొట్టిస్తే ఆవృత్తం ఎక్కడ తిరిగి మొదలవుతుందో వారికే తెలుస్తుంది. వేళ్లు తర్వాత వస్తాయి.

రెండోది శ్రుతి. పిల్లల గొంతు మగవారి గొంతు కంటే ఇంచుమించు ఒక స్థాయి పైన పలుకుతుంది. మాస్టారు తనకు హాయిగా ఉన్న శ్రుతిలో పాట ఎత్తుకుంటే పిల్లలు కింది స్వరాలు అందక మాటలు గొణుగుతారు, లేదా అరుస్తారు. పిల్లలకు పాట రాదని అక్కడే తేల్చేస్తారు. ముందు ఒక పిల్ల చేత పాడించి ఆ ఎత్తును పట్టుకోవడం ఒక్క రోజులో నేర్పగల మెళకువ. హంగేరీ స్వరకర్త జోల్తాన్ కొదాయ్ పట్టుబట్టింది ఇలాంటి విషయాల మీదే: పిల్లల మొదటి పాట మాతృభాషలోని జానపదం కావాలి, గొంతే మొదటి వాద్యం కావాలి, చిన్న తరగతులకే మంచి ఉపాధ్యాయుణ్ని పెట్టాలి. 1950లో కెచ్‌కెమేత్‌లో మొదలైన గాన పాఠశాల ఆ దేశమంతటికీ దారి చూపింది. ఇక పాటను పిల్లల ఎత్తుకు జరుపుకోవడానికి, ఎక్కడ మొదలుపెడితే అదే ‘స’ అనే సౌకర్యం మన సంగీతంలో ముందునుంచీ ఉంది.

ఇటీవలి స్థితి

2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం పదో తరగతి దాకా కళావిద్య అందరికీ ఉండాలంది. 2011 రాష్ట్ర చట్రం కళలు, సాంస్కృతిక విద్యను సహపాఠ్య విషయంగా గుర్తించింది. 2009 విద్యాహక్కు చట్టం మాత్రం కళావిద్యకు పార్ట్‌టైమ్ బోధకుణ్ని ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో, అదీ వందమందికి పైగా పిల్లలున్న చోటే అడిగింది. ఐదో తరగతి లోపు సంగీతం పూర్తిగా తరగతి టీచరు మీదే ఉంది. ఆ టీచరు ఉద్యోగానికి రాసే డీఎస్సీలో పాట అడగరు. డీఎస్సీ కోచింగ్‌కు రాష్ట్రమంతటా పేరున్న అవనిగడ్డకు ఏటా వచ్చే అభ్యర్థులు పక్కనే ఉన్న పెదకళ్లేపల్లి విద్య జోలికి పోవలసిన అవసరమే రాదు.

2019లో మొదలైన ‘నిష్ఠ’ శిక్షణలో కళాసమ్మిళిత బోధనకు ఒక అధ్యాయం ఇచ్చారు. 2020 విద్యావిధానం మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల వయసును ఒకే పునాది దశ చేసింది. 2023 మేలో కేంద్రం ‘పోషణ్ భీ పఢాయీ భీ’ పేరుతో అంగన్‌వాడీ కార్యకర్తలకు కొత్త శిక్షణ ప్రారంభించింది. ఇవన్నీ మంచి ప్రయత్నాలే. అయితే తెరమీద వీడియో చూసి గొంతు దిద్దుకోవడం కుదరదు, ఎదురుగా విని ‘ఇక్కడ శ్రుతి తప్పింది’ అనే మనిషి కావాలి.

అలాంటి మనుషులు ఈ జిల్లాలో, దాని పక్కన ఉన్నారు. కూచిపూడిలో కళాపీఠం ఉంది, విజయవాడలో ఘంటసాల పేరున్న ప్రభుత్వ సంగీత కళాశాల ఉంది, అంగలూరులో డైట్ ఉంది. ఈ మూడింటినీ కలిపి, పాఠశాల సముదాయ సమావేశాల్లో పాటకు ఒక గంట కేటాయించాలి. చుట్టుపక్కల ఉన్న డిప్లొమా చదివినవారినో, భజన బృందపు పెద్దనో ఆ గంటకు పిలవాలి. ఏడాదికి పది పాటలు శ్రుతి తప్పకుండా వచ్చిన టీచరు ఆ ఊరి పిల్లలకు చాలు.