గోదావరిఖని నుంచి బంగాళాఖాతం గాలిని చూడటం

వానాకాలంలో గోదావరిఖనిలో ఎవరినైనా అడగండి, ఓపెన్‌కాస్ట్‌లో పని ఎందుకు ఆగిందని. "అల్పపీడనం పడ్డది" అంటారు. రోడ్డు బురదైతే డంపర్లు కదలవు, కింద నిండిన నీళ్లు తోడుతూనే ఉండాలి. సముద్రమేమో మనకు మూడు వందల కిలోమీటర్ల పైనే.

మరి ఆ సముద్రం మీద గాలిని ఎవరు చూస్తున్నారు? ఇవాళ్టి ముచ్చట అదే.

1986 ఆగస్టు 16న భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు చేరింది. అప్పటికి ఇన్సాట్-1బి పైన ఉంది, మబ్బుల ఫొటోలు పంపేది. కానీ మబ్బు కింద నీటి మీద గాలి ఎంత వేగం, ఎటు వీస్తోంది? అది ఓడలవాళ్లు చెప్పాల్సిందే. 1978లో అమెరికా సీశాట్ ఈ కొలత సాధ్యమేనని చూపించింది గానీ, మూడు నెలలు దాటగానే పాడైపోయింది. తర్వాతి స్కాటరోమీటర్ యూరప్‌వాళ్ల ఈఆర్‌ఎస్-1, 1991లో.

స్కాటరోమీటర్ అంటే రాడార్. కిందికి మైక్రోవేవ్ పంపుతుంది. నీళ్లు నున్నగా ఉంటే అది పక్కకు జారిపోతుంది, గాలికి చిన్న అలలు లేస్తే కొంత వెనక్కి వస్తుంది. వేర్వేరు కోణాల నుంచి చూస్తే దిశ కూడా తేలుతుంది. మబ్బు అడ్డం కాదు, రాత్రి అడ్డం కాదు.

మన ఓషన్‌శాట్-1, 1999 మే 26న వెళ్లింది. గాలి వేగం చెప్పేది, దిశ చెప్పేది కాదు. అసలు స్కాటరోమీటర్ 2009 సెప్టెంబరు 23న ఓషన్‌శాట్-2తో వచ్చి, 2014 ఫిబ్రవరిలో ఆగిపోయింది. అదే ఏడు అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను కొట్టింది! 2016లో స్కాట్‌శాట్-1 పంపారు, అదీ 2021లో ఆగింది. మళ్లీ 2022 జులైలో భద్రాచలం దగ్గర 71.3 అడుగులు. అప్పుడూ మన కన్ను లేదు, యూరప్ మెటాప్ ఉపగ్రహాల ఆస్కాటే దిక్కు. నాలుగు నెలలకు, నవంబరు 26న, ఈఓఎస్-06 వెళ్లింది.

గాలి మ్యాపు ఉన్నంత మాత్రాన వరద అడుగులు తెలియవు, అది వేరే లెక్క. కానీ ఒకటి పాడయ్యాక ఇంకొకటి పంపే ఈ పద్ధతి నాకు నచ్చదు. కన్ను పోకముందే రెండోది సిద్ధంగా ఉండాలి కదా.

ఇక డేటా. అహ్మదాబాద్ స్పేస్ అప్లికేషన్స్ సెంటర్ నడిపే మోస్‌డాక్‌లో పేరు నమోదు చేసుకుంటే చాలు, డబ్బులేం కట్టక్కర్లేదు. కొత్తవాళ్లు రెండు చోట్ల తప్పుతారు. ఫైల్లో టైము యూటీసీ, అయిదున్నర గంటలు కలపాలి. గాలి వేగం వేలల్లో కనిపిస్తే తుఫాను అనుకోకండి, ఫైల్లోనే ఇచ్చిన స్కేల్ ఫ్యాక్టర్‌తో గుణించడం మర్చిపోయారన్నమాట. ఇంకోటి, తీరానికి మరీ దగ్గరి గడులను నమ్మొద్దు, నేల కలిసిపోయి ఉంటుంది.

హుద్‌హుద్ రోజు మన స్కాటరోమీటర్ ఫైలు వెతక్కండి, దొరకదు. ఆస్కాట్‌ది తీసుకోండి.