బ్యాక్టీరియా నుంచి క్యాన్సర్ ఔషధాలు: బస్తర్ గుహలపై ఆశ ఎంత, ఆధారం ఎంత

తొలకరి జల్లుకు నేల నుంచి లేచే మట్టి వాసనకు ప్రధాన కారణం స్ట్రెప్టోమైసెస్ అనే బ్యాక్టీరియా. క్యాన్సర్ చికిత్సలో నేటికీ వాడుతున్న పలు ఔషధాలకు మూలం కూడా ఇదే. ఈ సూక్ష్మజీవులు తయారుచేసే రసాయనాల్లో కొన్ని, వేగంగా విభజన చెందే మానవ కణాలను సైతం అడ్డుకుంటాయి.

1940లో సెల్మన్ వాక్స్‌మన్, బాయిడ్ వుడ్రఫ్ ఆక్టినోమైసిన్‌ను వేరుచేశారు. అందులో ఒక రకమైన డాక్టినోమైసిన్‌ను పిల్లల మూత్రపిండాల్లో వచ్చే విల్మ్స్ కణితికి ఇప్పటికీ ఇస్తున్నారు. ఇటలీలో ఒక పాత కోట సమీపాన సేకరించిన మట్టిలోని బ్యాక్టీరియా నుంచి డానోరూబిసిన్, దానిలో మార్పు చెందిన రకం నుంచి డాక్సోరూబిసిన్ లభించాయి. రొమ్ము క్యాన్సర్ రోగులకు నరం ద్వారా ఎక్కించే ఎర్రటి మందు డాక్సోరూబిసినే. అది డీఎన్‌ఏ పోగుల మధ్య చొరబడి కణవిభజనను నిలిపివేస్తుంది. మోతాదు మించితే గుండెనూ దెబ్బతీస్తుంది.

మట్టిలో పదేపదే వెతికితే తెలిసిన పదార్థాలే మళ్లీ ఎదురవుతున్నందున, పరిశోధకుల దృష్టి సముద్రగర్భం, గుహల వంటి చోట్లకు మళ్లింది. ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్‌లో, జగ్దల్‌పూర్‌కు దాదాపు 40 కిలోమీటర్ల దూరాన కాంగేర్ లోయ జాతీయ ఉద్యానంలో ఉన్న కుటుంసర్ సున్నపురాతి గుహ అటువంటిదే. వెలుతురు చొరని, ఆహారం అరుదైన ఆ చీకటిలో చూపు క్షీణించిన చేపలు బతుకుతున్నాయి. ఇక్కడి నుంచి వేరుచేసిన స్ట్రెప్టోమైసెస్ రకాలకు ఇతర సూక్ష్మజీవులను నిరోధించే శక్తి ఉందో లేదో శాస్త్రవేత్తలు పరీక్షించారు. అయితే అవి యాంటీబయాటిక్ గుణానికి సంబంధించిన పరీక్షలు. బస్తర్ గుహల్లో క్యాన్సర్ మందు దొరికిందని వాటిని బట్టి చెప్పడం తొందరపాటు. గాజుపాత్రలో క్యాన్సర్ కణాలను చంపే పదార్థాలు వేలల్లో ఉంటాయి. జంతువులపై పరీక్షలు, ఆపై మనుషులపై మూడు దశల ప్రయోగాలు దాటి రోగికి చేరేవి బహు స్వల్పం. ఇందుకు పదేళ్లకు పైగా పట్టడం సాధారణం.

దొరికితే ప్రయోజనం ఎవరికన్నది మరో ప్రశ్న. 1964లో పసిఫిక్ మహాసముద్రంలోని ఈస్టర్ ద్వీపానికి వెళ్లిన కెనడా వైద్య బృందం తెచ్చిన మట్టి నుంచి రాపమైసిన్ పుట్టింది. దాని ఆధారంగా రూపొందిన టెమ్‌సిరోలిమస్‌కు 2007లో మూత్రపిండ క్యాన్సర్ చికిత్సకు అమెరికా అనుమతి లభించింది. ద్వీపం స్థానిక నామం 'రాపా నుయి' మందు పేరులో మిగిలింది గానీ లాభంలో వాటా ద్వీపవాసులకు దక్కలేదు.

భారత్‌లో 2002 నాటి జీవవైవిధ్య చట్టం సూక్ష్మజీవులను సైతం జీవవనరులుగా పరిగణిస్తుంది. విదేశీ సంస్థలు వాటిని సేకరించాలంటే చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ ముందస్తు అనుమతి పొందాలి. లాభాల పంపిణీపై నగోయా ఒప్పందాన్ని భారత్ 2012 అక్టోబరులో, హైదరాబాద్‌లో జీవవైవిధ్య సదస్సు జరుగుతుండగానే ఆమోదించింది. కాంగేర్ లోయలో ఈ నిబంధనలు వర్తించేది ప్రధానంగా ధుర్వా గిరిజనుల గ్రామాలకు. వారి భాష తెలుగు లాగే ద్రావిడ కుటుంబానికి చెందినది. వర్షాకాలం ముగిసి గుహ తెరుచుకున్నాక సందర్శకులకు దారి చూపేది స్థానిక యువకులే.