రానా ప్లాజా నేర్పిన పాఠం: హామీకి, ఒప్పందానికి తేడా

బంగ్లాదేశ్ రాజధాని ఢాకా సమీపంలోని సావార్‌లో 2013 ఏప్రిల్ 24న ఎనిమిది అంతస్తుల రానా ప్లాజా కుప్పకూలింది. అందులో అయిదు దుస్తుల కర్మాగారాలు ఉండేవి. 1,100 మందికి పైగా మరణించారు. సుమారు 2,500 మంది గాయపడ్డారు. ముందురోజే గోడలు పగుళ్లిచ్చాయి. దాంతో కింది అంతస్తులోని బ్యాంకు, దుకాణాలు మూతపడ్డాయి. కుట్టు కార్మికులను మాత్రం మర్నాడు పనిలోకి రప్పించారు.

ఆ దుస్తులు ప్రధానంగా ఐరోపా, ఉత్తర అమెరికా బ్రాండ్లకు వెళ్లేవి. సరఫరాదారులకు బ్రాండ్లు విధించే ప్రవర్తనా నియమావళులు అప్పటికే ఉన్నాయి. ఆ భవనంలోని కొన్ని కర్మాగారాల్లో ప్రైవేటు తనిఖీలూ జరిగాయి. కానీ భవనం పటిష్ఠతను పరీక్షించడం ఆ తనిఖీల పరిధిలో లేదు. బాధితుల పరిహారం సైతం స్వచ్ఛంద విరాళాలపైనే ఆధారపడింది. అంతర్జాతీయ కార్మిక సంస్థ పర్యవేక్షణలోని నిధికి అవసరమైన 3 కోట్ల డాలర్లు సమకూరడానికి 2015 జూన్ వరకు పట్టింది.

ఒప్పందంలో ఏముంది?

2013 మేలో బ్రాండ్లు, అంతర్జాతీయ కార్మిక సంఘాలైన ఇండస్ట్రియాల్, యూఎన్ఐ మధ్య 'అకార్డ్' కుదిరింది. క్రమంగా 200కు పైగా బ్రాండ్లు అందులో చేరాయి. దీనికి చట్టబద్ధత ఉంది. కర్మాగారాలను స్వతంత్ర ఇంజినీర్లు పరీక్షిస్తారు, నివేదికలను బహిరంగపరుస్తారు. మరమ్మతులకు నిధులు సమకూరేలా చూడటం బ్రాండ్ల బాధ్యత. లోపాలను సరిదిద్దని కర్మాగారంతో అవి వ్యాపారం ఆపేయాలి. మాట తప్పిన బ్రాండుపై సంఘాలు మధ్యవర్తిత్వ న్యాయప్రక్రియను ఆశ్రయించవచ్చు. అలా హేగ్‌లోని శాశ్వత మధ్యవర్తిత్వ న్యాయస్థానానికి చేరిన రెండు వివాదాలు పరిష్కార ఒప్పందాలతో ముగిశాయి. 2021లో అకార్డ్ అంతర్జాతీయ రూపం దాల్చి, 2023లో పాకిస్థాన్‌కూ విస్తరించింది.

భారత చట్టంతో పోలిక

భారత కంపెనీల చట్టం–2013లోని 135వ సెక్షన్ ప్రకారం, నిర్దేశిత స్థాయి దాటిన కంపెనీలు గత మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం 2 శాతాన్ని సామాజిక కార్యక్రమాలకు వెచ్చించాలి. అది లాభాన్ని ఎలా ఖర్చు చేయాలో చెప్పే నిబంధన. ఆ లాభం ఎలా వచ్చిందన్నది అకార్డ్ అడిగే ప్రశ్న. సరఫరా గొలుసులో జరిగే హానిని గుర్తించి నివారించాలని 2011 నాటి ఐక్యరాజ్యసమితి మార్గదర్శక సూత్రాలూ చెబుతున్నాయి. అయితే అవి చట్టం కావు.

అకార్డ్‌కూ పరిమితులున్నాయి. అది వేతనాలను గానీ, బ్రాండ్లు చెల్లించే ధరను గానీ నిర్ణయించదు. పగుళ్లిచ్చిన గోడల మధ్య పనిచేయబోమని చెప్పే హక్కును మాత్రం కార్మికులకు గుర్తించింది. 2013 ఏప్రిల్ 24 ఉదయం రానా ప్లాజా కార్మికులకు కొరవడిన రక్షణ అదే.