కర్మాగార నగరములు: ఒక ఫ్రెంచి చిత్రము, భిలాయి అనుభవము

రెండవ ప్రపంచ యుద్ధానంతరము అనేక దేశములయందు ప్రభుత్వములే శ్రామికులకు ఇండ్లు నిర్మింప బూనుకొనెను. ఫ్రాన్సునందు యుద్ధమున ఇండ్లు కూలినవారికి తోడు, పల్లెలనుండియు ఉత్తరాఫ్రికానుండియు పనికై వచ్చినవారికిని నిలువ నీడ లేకుండెను. అందుచే 1950 తరువాతి రెండు దశాబ్దములలో పారిస్ చుట్టును పెద్ద పెద్ద కాంక్రీటు మేడలు లేచినవి. అదే కాలమున మన దేశమునందు, 1955 ఫిబ్రవరి 2న సోవియట్ రష్యాతో జరిగిన ఒడంబడిక ననుసరించి, దుర్గ్ జిల్లాలోని వరిచేల నడుమ భిలాయి ఉక్కు కర్మాగారమును, సెక్టార్లుగా విభజింపబడిన నగరమును వెలసినవి. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ గారు మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించిరి.

పారిస్ శివారు మేడలకు పిమ్మట పట్టిన గతిని తెలుపు చిత్రము ‘లా ఎన్’. ఆ మాటకు ద్వేషమని యర్థము. మాథ్యూ కసోవిట్స్ తీసిన యీ నలుపు తెలుపు చిత్రమునకు 1995లో కాన్ చలనచిత్రోత్సవమున ఉత్తమ దర్శక బహుమతి లభించెను. 1993లో పారిస్ పోలీసు నిర్బంధములోనున్న పదునేడేండ్ల యువకుడు తుపాకి గుండుకు బలియగుట దీనికి ప్రేరణ.

కథ యొక్క దినములో నడచును. పోలీసు దెబ్బలకు అబ్దెల్ అను యువకుడు ఆసుపత్రి పాలగును. అతని మిత్రులలో వింజ్ యూదుడు, ఉబేర్ ఆఫ్రికా సంతతివాడు, సయీద్ అరబ్బు. అల్లర్లలో పోలీసు పోగొట్టుకొన్న రివాల్వరు వింజ్ చేత చిక్కును. అబ్దెల్ మరణించినచో ఒక పోలీసును చంపెదనని యతడు ప్రతిన పూనును. తీరా మనిషిని కాల్చు అవకాశము వచ్చినపుడు అతనికి చేయి రాదు. ఆయుధమును ఉబేర్‌కు అప్పగించిన పిమ్మట, పోలీసు చేతి తుపాకి పేలి తానే మరణించును.

చిత్రము తీసినది షాంత్లూ పట్టణపు శివారు పేటలో. వాస్తుశిల్పి ఎమీల్ అయో నిర్మించిన ఆ మేడల గోడలపై ఫ్రెంచి కవుల ముఖచిత్రములు కలవు. సమీపమందలి పువాసీ కార్ల కర్మాగారపు శ్రామికులు అనేకు లచట నివసించిరి. పని తగ్గినను ఇండ్లు నిలిచినవి. తండ్రులకు దొరకిన కొలువు కుమారులకు దొరకలేదు. చిత్రములోని యువకులకు ఉదయమునుండి రాత్రివరకు చేయవలసిన పని యేదియు లేదు. ప్రధానమంత్రి జుప్పే మంత్రులతో కూడి యీ చిత్రమును తిలకించెను. అయినను పదేండ్లకు, 2005లో, క్లిషీలో రగిలిన అల్లర్లు దేశమంతట వ్యాపించి అత్యవసర స్థితి ప్రకటించు వరకు వచ్చెను.

భిలాయి చరిత్ర వేఱు. ఇచట కొలువు ముందు, ఇల్లు దాని వెంట. పాఠశాలలు, ఆసుపత్రి, ఉద్యానములు గల సెక్టార్లలో తెలుగువారితోపాటు నానా ప్రాంతములవారు ఇరుగుపొరుగై జీవించిరి. కాని యీ భాగ్యము స్థిరోద్యోగులకే పరిమితము. సెక్టార్ల వెలుపలి బస్తీలలో కంట్రాక్టు శ్రామికులు నివసించిరి. వారిని సంఘటిత పఱచిన శంకర్ గుహా నియోగి 1991 సెప్టెంబరు 28న నిద్రలోనే హత్య గావింపబడెను. 1992 జులై 1న పవర్‌హౌస్ స్టేషనువద్ద రైలుపట్టాలపై బైఠాయించిన శ్రామికులపై పోలీసులు జరిపిన కాల్పులలో పలువురు మరణించిరి.

తరువాతి కాలమున కర్మాగారమున స్థిరోద్యోగుల సంఖ్య తగ్గినది. కంట్రాక్టు పని హెచ్చినది. క్వార్టరులో పుట్టి పెరిగిన బిడ్డకు తండ్రి పదవీ విరమణతో ఆ యిల్లు తనది కాకుండ పోవును. నగరమును పథకము వేసి నిర్మించువారు ఇండ్ల సంఖ్యతోపాటు, వానిలో పెరుగు రెండవతరము పని యెచట దొరకునో కూడ లెక్క చూడవలెను. షాంత్లూ విషయమున ఆ లెక్క వేసినవారు లేకపోయిరి. భిలాయికి ఇంకను వ్యవధి కలదు.