కంటి క్షాళన ద్రవాలు, రెటీనాలోని యాంటీఆక్సిడెంట్ ఎంజైములు

నేత్ర శస్త్రచికిత్స జరిగేటప్పుడు కంటి లోపలి భాగాలను కడగడానికి, తొలగించిన పదార్థం స్థానాన్ని నింపి కంటి పీడనాన్ని నిలపడానికి వాడే లవణ ద్రావణాలను క్షాళన ద్రవాలు అంటారు. శుక్లాల ఆపరేషనులో ఇవి ముఖ్యంగా కంటి ముందుగదిలో ప్రవహిస్తాయి. విట్రెక్టమీలో నేరుగా రెటీనాను, అనగా నేత్రపటలాన్ని, తాకుతాయి. 1970వ దశకం ఆరంభంలో అమెరికాలోని మయామీలో రాబర్ట్ మాకెమర్ రూపొందించిన ఈ శస్త్రచికిత్సలో కంటిగుడ్డును నింపి ఉండే సుమారు 4 మి.లీ. జిగురు పదార్థాన్ని కత్తిరించి పీల్చివేస్తారు. ఆ జిగురులో విటమిన్ సి రక్తంలో కంటె అనేక రెట్లు ఎక్కువ. దానితోపాటు ఒక సహజ రక్షణ కూడా తొలగిపోతుంది.

ఎంజైముల పని

రెటీనా ఆక్సిజన్‌ను విపరీతంగా వాడుకునే కణజాలం. దాని కాంతిగ్రాహక కణాల పొరలలో సులభంగా ఆక్సీకరణ చెందే కొవ్వు ఆమ్లాలు అధికం. పైగా శస్త్రచికిత్సలో తీవ్రమైన దీపకాంతి పడుతుంది. సూపర్ఆక్సైడ్ డిస్మ్యుటేజ్ అనే ఎంజైము సూపర్ఆక్సైడును హైడ్రోజన్ పెరాక్సైడుగా మారుస్తుంది. దానిని కెటలేజ్, గ్లూటాథయోన్ పెరాక్సిడేజ్ నీరుగా మారుస్తాయి. ఖర్చయిన గ్లూటాథయోన్‌ను గ్లూటాథయోన్ రిడక్టేజ్ తిరిగి క్షయకరణ చేస్తుంది. ఇందుకు కావలసిన ఎన్.ఎ.డి.పి.హెచ్. ప్రధానంగా గ్లూకోజు నుండే లభిస్తుంది. ద్రవంలో గ్లూకోజు ఉన్నదా లేదా అన్న ప్రశ్నకు ప్రాముఖ్యం ఇందువల్లనే.

ద్రావణాలలో తేడాలు

0.9 శాతం సెలైనులో సోడియం క్లోరైడు తప్ప మరేమీ లేదు. భారతదేశంలో శుక్లాల ఆపరేషన్లలో చవకగా దొరికే రింగర్ లాక్టేటును విస్తృతంగా వాడతారు. ఇందులో పొటాషియం, కాల్షియం ఉన్నా గ్లూకోజు ఉండదు. 1960లో మెరిల్, ఫ్లెమింగ్, గిరార్డ్ సమతుల్య లవణ ద్రావణాన్ని సెలైనుతో పోల్చి పరిశోధన ప్రచురించారు. నేడు బి.ఎస్.ఎస్. పేరుతో వాడే ద్రావణంలో మెగ్నీషియం కూడా ఉంటుంది కాని గ్లూకోజు లేదు. బి.ఎస్.ఎస్. ప్లస్‌లో బైకార్బొనేటు, గ్లూకోజు, ఆక్సీకృత గ్లూటాథయోన్ చేర్చారు. క్షయకృత రూపం ద్రావణంలో నిలకడగా ఉండదు. ఈ ద్రవాన్ని రెండు సీసాలలో అమ్ముతారు. కలిపిన తరువాత 6 గంటలలోపు వాడాలి.

ఫలితాలను అర్థం చేసుకోవడం

ఈ ద్రవాల మేలును గురించిన సాక్ష్యంలో అధిక భాగం కార్నియా లోపలి పొరపై జరిగిన పరిశోధనలది. ఆ పొరకు రక్తనాళాలు లేవు, అది చుట్టూ ఉన్న ద్రవం మీదనే ఆధారపడుతుంది. మానవ రెటీనాకు లోపలి వైపు రెటీనా ధమని నుండి, వెలుపలి వైపు రక్తపటలం నుండి గ్లూకోజు అందుతూనే ఉంటుంది. కనుక ఒకదాని ఫలితాన్ని మరొకదానికి అన్వయించడం తొందరపాటే. కుందేళ్ళతో మరో చిక్కు ఉంది. వాటి రెటీనాలో రక్తనాళాలు ఒక సన్నని పట్టీకే పరిమితం, మిగతా భాగం మానవ రెటీనాకంటె ద్రవం ప్రభావానికి ఎక్కువగా లోనుకావచ్చు. ఎంజైము చర్య తగ్గితే హాని జరిగి ఉండవచ్చు. పెరిగితే అది ఒత్తిడికి కణాల ప్రతిస్పందన కావచ్చు. విద్యుత్ స్పందన పరీక్ష, కణజాల పరీక్ష జోడించకుండా ఆ సంఖ్య ఒక్కదానితో చూపు గురించి చెప్పలేము.

దీర్ఘమైన విట్రెక్టమీలో, మధుమేహంతో ఇదివరకే ఆక్సీకరణ ఒత్తిడికి లోనైన రెటీనాలలో ద్రవం ఎంపికకు ప్రాధాన్యం ఎక్కువ. మధుమేహ రోగులకు సహజ కటకం మసకబారకుండా ద్రవంలో అదనంగా గ్లూకోజు కలిపే పద్ధతి 1980వ దశకం నుండి ఉంది. అది కటకం కోసం ఏర్పడినది, రెటీనా ఎంజైముల కోసం కాదు.